క్షవరమూ, వివరమూ

క్షవరమైతే గాని వివరం తెలియదని మనవాళ్లు ఒక సామెత చెబుతారు. చేతిలోని డబ్బు పోయిన తర్వాత గాని అసలు సంగతి బోధపడదని దాని తాత్పర్యం. నేను ఇక్కడ వ్రాయబోయేది మాత్రం అక్షరాలా క్షవరాన్ని గురించీ, అక్షరాలా దాని వివరాన్ని గురించీను. పూర్వం మంగలి పొదిలో ఉండే మడతకత్తిని, హిందీవారు ఉస్తరా అనేదానిని, సంపాదించి, తామే నూరుకొని, తామే గడ్డం గీసుకోవడం ఈ రోజుల్లో కొందరికి సరదా అయింది. జర్మనీలో, ఇంగ్లండులో, అమెరికాలో ఇటువంటి వారు చాలామంది ఉన్నారు. మన దేశపు పట్టణాల్లోనూ అక్కడక్కడ కద్దు. బొంబాయిలో నేనొకణ్ణి.

గోచీని ఎలుకలు కొరకకుండా పిల్లినీ, పిల్లి పాలకోసం ఆవునూ, ఆవు మేతకోసం పొలాన్నీ, చివరకు పొలం చూచుకొనేందుకు సంసారాన్నీ తెచ్చిపెట్టుకొన్న సన్యాసి కథ అందరికీ తెలిసినదే. ఈ కత్తి సరదా కూడా ఆ వరుసలోనిదే. కత్తి కొంటే రాయి కావాలి. రాయి కొంటే దానిని చదును చేసే సరంజామా కావాలి. రాయి తర్వాత తోలు కావాలి. తోలు తర్వాత నూనె కావాలి. వీటికోసం బొంబాయిలో ఒక్క బజారు చాలదు. కత్తికి ఒక పేట, రాతికి ఒక పేట, తోలుకు ఒక పేట తిరగాలి. ఆ తిరుగుళ్లలో ఎంత పోయిందో, ఏమి తెలిసిందో చదువరులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం. జీవితమంతా ఆఫీసులో జమాఖర్చులు వ్రాసే గుమాస్తాను గనుక లెక్కలు కొంచెం ఎక్కువగానే ఉంటాయి. ఓర్చుకొనగలరు.

మొదటి మజిలీ చోర్ బజారు. గ్రాంటురోడ్డు స్టేషనులో తూర్పు వైపున దిగి, మౌలానా షౌకత్ అలీ రోడ్డు వెంట నడుచుకొంటూ పోతే దో టాంకీ వస్తుంది. ఆ చుట్టుపట్లనే మటన్ స్ట్రీటు. పాత గడియారాలు, గ్రామఫోను కొమ్ములు, ఓడల దీపాలు, సినిమా బొమ్మలు, ఇత్తడి తాళాలు, ఇలా తాతలనాటి సామానంతా అక్కడ గుట్టలుగా పోసి ఉంటుంది. మొదట దానిని శోర్ బజారు, అనగా గోల బజారు, అనేవారనీ, దొరల నాలుక తిరగక చోర్ బజారు అయిందనీ వాడుకగా చెప్పుకొంటారు. మటన్ స్ట్రీటు దుకాణాలకు శుక్రవారం సెలవు. కాని ఆ శుక్రవారమే వీధుల్లో నేలమీద గోనెలు పరచి పాతసామాను అమ్మేవారు వచ్చి కూర్చుంటారు. కత్తులవంటి చిన్న వస్తువులు ఆ గోనెల మీదనే దొరుకుతాయి. తెల్లవారకముందే టార్చిలైటు పట్టుకొని వెళ్లినవాడిదే అదృష్టం.

పాత కత్తిని చూడవలసిన పద్ధతి ఒకటి ఉన్నది. తుప్పు ఉన్నదని వెంటనే వదలిపెట్టరాదు. వెన్ను మీద ఉన్న తుప్పు పోతుంది. వాదర మీద గుంటలు పడిన తుప్పు మాత్రం పోదు. తర్వాత కత్తిని వెలుతురుకు ఎత్తిపట్టి వాదర పొడవునా చూడాలి. పన్ను విరిగి ఉంటే ఆ లోతు పోయేదాకా ఉక్కునంతా అరగదీయాలి. ఆ తర్వాత కత్తిని చదునైన అద్దం మీద పెట్టి, ఊగుతున్నదేమో చూడాలి. వంకర తిరిగిన కత్తి జన్మలో సరిగా తెగదు. చివరగా మడిచి చూడాలి. పిడి రెండు చెక్కల నడుమ సరిగా ఇమడాలి, ఏ ప్రక్కకూ ఒరిగి తగలకూడదు. ఇంత చూచే ఓపిక లేనివాడు గోనె దగ్గర కూర్చోకపోవడమే మేలు.

నాకు దొరికినది షెఫీల్డు కత్తి. వెడల్పు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు. ఈ కత్తుల వెడల్పును ప్రపంచమంతటా ఇలా ఎనిమిదో వంతులలోనే చెబుతారు. అమ్మేవాడు పదిహేను వందలు అన్నాడు. "ఆంటీక్ హై సేఠ్" అన్నాడు. ఏడు వందలకు బేరం తెగింది. ప్రక్కనే జర్మనీలోని సోలింగెన్ పేరు కొట్టిన కత్తి కూడా ఉన్నది గాని దాని వాదరకు రెండు పండ్లు విరిగి ఉన్నాయి. ఆ పేరు సామాన్యమైనది కాదు. సోలింగెన్‌లో తయారు కాని కత్తుల మీద ఆ ఊరి పేరు కొట్టరాదని 1938లోనే అక్కడ చట్టం చేశారు. ఒక ఊరు తన చేతిపనికి ఇంత గౌరవం చట్టంగా వ్రాయించుకొన్నది చూస్తే ముచ్చటవేస్తుంది.

షెఫీల్డు అనగానే ఇంగ్లీషువారి గొప్ప అనుకొంటాం. ఆ ఊరికి పేరు వచ్చినది 1740 ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మట్టిమూసల్లో ఉక్కును కరిగించడం కనిపెట్టిన తర్వాత. కాని మూసలో ఉక్కు చేయడం మన తెలుగుదేశంలో అంతకంటె ఎంతో పూర్వంనుంచీ ఉన్నదే. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం అందుకు ప్రసిద్ధి. ఆ ఉక్కు కొనుక్కుపోవడానికి పారశీక వర్తకులు ఆ ఊరు వచ్చేవారు. మన ఉక్కుకు దొరలు ఊట్జ్ అని పేరు పెట్టారు. మన నోటి ఉక్కు అన్న మాటే అలా మారిందని పెద్దలు చెబుతారు. 1794లో ఈ బొంబాయినుంచే హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు ఊట్జ్ నమూనాలను లండను రాయల్ సొసైటీ అధ్యక్షుడికి పంపించాడు. లండనులో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ దానితో పనిచేసి, సన్నని వాదరకు ఇంతకంటె మేలైన ఉక్కు లేదని మెచ్చుకొన్నాడు. 1820 ప్రాంతంలో అతడు మైకేల్ ఫెరడేతో కలసి ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం మొదలైన లోహాలు కలిపి పరీక్షలు చేశాడు. విద్యుచ్ఛక్తి విషయంలో జగత్ప్రసిద్ధుడైన ఆ ఫెరడే, తమ ఉక్కుతో చేసిన క్షురకత్తులను స్నేహితులకు బహుమతిగా ఇచ్చేవాడు. చోర్ బజారులో గోనె మీద పడి ఉన్న కత్తి వెనుక ఇంత కథ ఉన్నది.

రెండవ మజిలీ నాగ్‌దేవి వీధి. క్రాఫర్డు మార్కెటు దాటి కొంచెం లోనికి పోతే మేకులు, మరలు, బోల్టులు, రంపాలు, ఆకురాళ్లు అమ్మే దుకాణాలే దుకాణాలు. బరువులు మోసే హమాలీల దారికి అడ్డం రాకుండా నడవడమే అక్కడ ఒక విద్య. అక్కడ వడ్రంగులు వాడే కార్బొరండం రాయి దొరుకుతుంది. కార్బొరండం భూమిలో త్రవ్విన రాయి కాదు. 1891లో అమెరికాలో ఎడ్వర్డు అచెసన్ విద్యుత్ కొలిమిలో మొదట తయారుచేసిన పదార్థం. మన దేశంలో 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ స్థాపించారు. రెండు ముఖాలు గల రాయి, ఒక వైపు గరుకు, ఒక వైపు నునుపు, మూడు వందల ఏభైకి ఇచ్చారు. తుప్పు పట్టి మొద్దుబారిన కత్తికి తొలి వాదర తేవడానికి దాని నునుపు ముఖం పనికివస్తుంది.

అయితే గడ్డానికి ఆ రాయి ఒక్కటే చాలదు. రాళ్లకు నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగినకొద్దీ రవ్వ సన్నగా ఉంటుంది. వంటింటి కత్తిపీటకు వెయ్యి నంబరు రాయి అంటే మహారాజు వైభోగమే. మడతకత్తికి వెయ్యి దగ్గర పని మొదలవుతుంది, ఎనిమిది వేల దగ్గర ముగుస్తుంది. ఎనిమిది వేల రాయి నాగ్‌దేవిలో అడిగితే ఆ దుకాణదారు నన్ను ఎగాదిగా చూశాడు. చివరకు జపాను సరుకు దిగుమతి చేసుకొనే ఒక వర్తకుని దగ్గర, ఒక వైపు మూడు వేలు, మరొక వైపు ఎనిమిది వేలు గల రాయి దొరికింది. ఖరీదు అయిదు వేల నాలుగు వందలు. కత్తి కంటె రాయి దాదాపు ఎనిమిది రెట్లు!

ఇవి మనుషులు చేసిన రాళ్లు. స్వయంభువులకు లెక్కే వేరు. బెల్జియం దేశపు ఆర్డెన్ కొండల్లో వీల్‌సాల్మ్ అనే ఊరి చుట్టుప్రక్కల పసుపుపచ్చని రాయి ఒకటి దొరుకుతుంది. దానిని కోటిక్యూల్ అంటారు. ఆ రాతిలో కంటికి కనబడనంత చిన్న గోమేధికపు రవ్వలు ఉంటాయి. అవే ఉక్కును కోస్తాయి. జపానులో క్యోటో నగరం చుట్టూ ఉన్న కొండల రాళ్లకు కూడా అటువంటి కీర్తే. సరదా ముదిరినవారు ఈ రాళ్లను సాలగ్రామాల్లా పోగుచేసుకొంటారు. వాటి జోలికి నేను పోలేదు. జీతం ఎంతో తెలిసినవాడికి కొన్ని కోరికలు దూరంనుంచి నమస్కరించవలసినవే.

రాతిమీద నూరే విధానం చెబుతాను. వంటకత్తి నూరేటప్పుడు ఏ కోణంలో పట్టాలో మన చెయ్యే చూచుకోవాలి. మడతకత్తికి ఆ చింత లేదు. దాని వెన్ను మందంగాను, నడుమ పొట్ట లోపలికి పీక్కుపోయి, వాదర పలుచగాను ఉంటుంది. వెన్నూ వాదరా రెండూ ఒకేసారి రాతికి తగిలేటట్లు పడుకోబెట్టితే కోణం దానంతట అదే కుదురుతుంది. రాతిమీద నీళ్లు చిలకరించి, వాదర ముందు నడిచేటట్లు త్రోయాలి. చివరకు వచ్చాక వెన్ను మీదనే పొర్లించి రెండవ వైపు త్రిప్పాలి. వాదర మీద పొర్లిస్తే చేసినదంతా మట్టిపాలు. బలం పెట్టరాదు. నూరిన తర్వాత ఒక తలవెంట్రుకను వ్రేలాడదీసి వాదరకు తాకించి చూస్తారు. తాకీ తాకకముందే తెగిపడితే పని అయినట్లు.

మూడవ మజిలీ ధారావి. సయాన్ స్టేషనులో దిగితే దగ్గర. ధారావి అనగానే మురికివాడ అని మాత్రమే వ్రాస్తారు గాని, అది చేతిపనుల మహానగరం. పంతొమ్మిదవ శతాబ్దం చివర తిరునల్వేలి వైపునుంచి వచ్చిన తమిళులు అక్కడ తోలు పరిశ్రమ పెట్టారు. ఇప్పుడు తోళ్ల ఊనకం పని చాలావరకు ఆ పేట విడిచిపోయింది గాని, సంచులు, బెల్టులు, చెప్పులు కుట్టే పని మాత్రం గూడు గూడునా సాగుతూనే ఉన్నది. మన తెలుగులో ఒక చమత్కారం చూడండి. పచ్చితోలును బాగుచేయడాన్నీ పదును చేయడమనే అంటాం. పూర్వం మన వైపు తంగేడుచెక్కతో తోళ్లు పదును చేసేవారు. అలా పదునైన తోలే తిరిగి కత్తిని పదును చేస్తుంది.

రెండున్నర అంగుళాల వెడల్పు, ఇరవై అంగుళాల పొడవు గల మచ్చలేని పట్టీని ఏరి, దాని వెనుక మందపు కాన్వాసుగుడ్డ చేర్చి, పైన ఇత్తడి రింగు కుట్టి ఒక పనివాడు ఆరు వందలు తీసుకొన్నాడు. బెల్టులు కుట్టే ఆ పిల్లవాడికి ఇది దేనికో తెలియదు. చెబితే నవ్వి, "మా తాత చూచి ఉంటాడు" అన్నాడు. ఈ పట్టీని గోడ మేకుకు తగిలించి, బిగువుగా లాగిపట్టి, గీసుకొనబోయే ముందు కాన్వాసు మీద ఇరవైసార్లు, తోలుమీద నలభైసార్లు కత్తిని ఆడించాలి. రాతిమీద వాదర ముందు నడవాలి, తోలుమీద వెన్ను ముందు నడవాలి. ఈ ఒక్క తేడా మరచిపోయారా, తోలూ తెగుతుంది, కత్తీ చెడుతుంది.

కొనడంతో కథ ముగియదు. పోషణ మిగిలి ఉన్నది. ఈ కత్తుల ఉక్కు తుప్పుపట్టని రకం కాదు. బొంబాయిలో జూన్ మొదలు సెప్టెంబరు దాకా గోడలే చెమర్చుతాయి. ఒక్క రాత్రి తడిగా మడిచిపెడితే తెల్లవారేసరికి వాదరమీద ఎర్రచుక్క కనబడుతుంది. అందుచేత గీసుకోవడం కాగానే కడిగి, మెత్తని గుడ్డతో ఒత్తి, తోలుమీద నాలుగుసార్లు ఆడించి, నూనె పూయాలి. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురుపడుతుంది. కుట్టుమిషను నూనె మేలు. స్నానాలగదిలో ఉంచరాదు. పిల్లలకు అందే చోట అసలే ఉంచరాదు. రాయి కూడా వాడగా వాడగా నడుమ పల్లం పడుతుంది. అద్దం మీద వాటర్ పేపరు పరచి, నీళ్లు పోసి, దానిమీద రాతిని రుద్ది చదును చేయాలి. రెండు మూడు నెలలకొకసారి కత్తిని మళ్లీ ఎనిమిది వేల రాతిమీద నాలుగు వరుసలు నడిపించాలి.

ఇక చిట్టా విప్పుతాను.

షెఫీల్డు కత్తి — 700 రూపాయలు
కార్బొరండం రాయి — 350
జపాను రాయి — 5,400
తోలుపట్టీ — 600
క్రోమియం ఆక్సైడు కలిసిన ఆకుపచ్చ పాలిషు ముద్ద — 300
నూనె, వాటర్ పేపరు — 200
మొత్తం — 7,550 రూపాయలు

ఏటేటా నూనెకూ కాగితానికీ మరొక మూడు వందలు. మా వీధి చివర చిన్న దుకాణంలో గడ్డానికి అరవై రూపాయలు తీసుకొంటారు. ఏడు వేల అయిదువందల ఏభై రూపాయలతో అక్కడ నూట పాతికకు పైగా గడ్డాలు గీయించుకోవచ్చు. వారానికి రెండు చొప్పున అయితే సంవత్సరంపైన రెండు నెలలు దాటుతుంది. కాబట్టి ఆ దుకాణంతో పోలిస్తే ఏడాదిన్నరలోపల పెట్టుబడి తిరిగివచ్చినట్లే. కాని మూడు రూపాయల బ్లేడుతో పోలిస్తే లెక్క తలక్రిందులవుతుంది. ఒక్క బ్లేడు నాలుగు గడ్డాలకు వస్తే, ఇదే పైకంతో రోజు మార్చి రోజు చొప్పున ఏభై అయిదేళ్లు గీసుకోవచ్చు. అంతకాలం గడ్డం పెరుగుతుందో లేదో ఆ భగవంతుడికే ఎరుక. మా ఇంటావిడ ఈ లెక్క అంతా శ్రద్ధగా విని, "ఇంతా చేసి ఈ కత్తితో కూరగాయలైనా తరగవచ్చునా?" అని ఒక్కమాట అడిగింది. ఆ ప్రశ్నకు జమాఖర్చులో జవాబు లేదు. ఒక కత్తి, ఒక జత రాళ్లు, ఒక పట్టీ, ఇంతకు మించి కొనేది లేదని ఆ రోజే ఇద్దరమూ ఒప్పందానికి వచ్చాం.

కాలం లెక్క కూడా వేశాను. తోలుమీద ఆడించడం, తుడవడం, నూనె పూయడం అన్నీ కలిసి రోజుకు అయిదు నిమిషాలు. ఏడాదికి నూట ఎనభై గడ్డాలనుకొంటే పదిహేను గంటలు. అనగా ఆఫీసులో రెండు పనిదినాలు.

బ్లేడు ఇంత చవక ఎలా అయిందన్నది కూడా తెలుసుకోదగినదే. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే ఆయన, నూరే పనిలేని పలుచని బ్లేడును తయారుచేయించి 1903లో అమ్మకానికి పెట్టాడు. ఆ ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు పేటెంటు వచ్చింది. ఆపైన ప్రపంచమే మారిపోయింది. అంతవరకు మగవాడి గడ్డానికి సాన తప్పదు. ఆ తర్వాత పదును తగ్గగానే పారవేయడమే. సాన ఖర్చు అనేది ఇళ్లలో లెక్కలోనుంచే తొలగిపోయింది. అయితే అంతకుముందు వేల ఏళ్లు ఆ ఖర్చు ఎవరు భరించారు? ఈ ప్రశ్నకు జవాబు నాకు నాలుగవ మజిలీలో దొరికింది.

ఆ మజిలీ కామాఠీపురా. చోర్ బజారునుంచి తిరిగి గ్రాంటురోడ్డు వైపు వస్తూంటే కుడిచేతి వైపున ఆ సందులు వస్తాయి. సందులకు అంకెలే పేర్లు. లోకం ఆ పేటను ఒక్క కారణానికే ఎరుగును. కాని పేటకు పేరు పెట్టించినవారు మనవాళ్లు. నైజాము తెలంగాణంనుంచి వచ్చి, రాళ్లు మోసి, గోడలు కట్టి ఈ పట్టణాన్ని నిలబెట్టిన తెలుగు కూలీలనే ఇక్కడివారు కామాఠీలన్నారు. వారిలో గుత్తేదారులుగా పైకివచ్చిన రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాళేవార్ వంటి పెద్దలు జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. ఆ సమాజంవారే అయిన నారాయణ మేఘాజీ లోఖండే ప్రోత్సాహంతో 1890లో బొంబాయి క్షురకులు సభ చేసి, వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించుకొన్నారు. చదువుకొన్నవారు వ్యాసాలు వ్రాస్తూండగా, కత్తి పట్టినవారు కత్తి క్రింద పెట్టి చూపించారు. నేను దాటివచ్చిన క్రాఫర్డు మార్కెటుకు ఇప్పుడు ఆ ఫూలే మహాత్ముని పేరే పెట్టారు.

ఈ పేటలో నాయీబ్రాహ్మణ వృత్తికి చెందిన పెద్దాయన ఒకరున్నారు. వయస్సు డెబ్బై అయిదు దాటింది. తాతలది నిజామాబాదు వైపు. ఇప్పుడు దుకాణం కొడుకు నడుపుతున్నాడు. అతని చేతిలో కూడా మడతకత్తి వంటిదే ఉంటుంది గాని, అందులో సగానికి విరిచిన బ్లేడు దూర్చి, ఒక్క మనిషికి వాడి పారవేస్తాడు. మన దేశంలో హెచ్.ఐ.వి. 1986లో మద్రాసులో మొదట బయటపడిన తర్వాత కొత్త బ్లేడు వేయమని అడగడం ఊరూరా అలవాటయింది. అది మంచి అలవాటే, ఆరోగ్యానికి అవసరమే. అయితే దానితో దుకాణాల్లో సాన అవసరం పోయింది. సాన వచ్చిన చెయ్యి వారసుడు లేకుండా మిగిలింది.

ఆయన్ను నేను కాకా అని పిలుస్తాను. నా సామానంతా ఆయన ముందు పరిచినప్పుడు ఆయన జపాను రాతిని గోటితో మీటి చూచి, నవ్వి, "కత్తి కొన్నవు, రాయి కొన్నవు, తోలు కొన్నవు. చెయ్యి ఏ బజార్ల దొరుకుతది బిడ్డా?" అన్నారు. పొది దింపి తన రాతిని చూపించారు. అరచెయ్యంత నల్లరాయి, నడుమ అరిగి చిన్న దొన్నెలా పల్లం పడింది. తోలుపట్టీ ఏదని అడిగితే ఎడమ అరచెయ్యి చాచారు. చిటికెనవ్రేలి క్రింద చర్మం మెరుస్తూ గట్టిపడి ఉన్నది. ఏభై ఏళ్లు ఆ అరచేతిమీదనే కత్తి ఆడించారట. నేను ఆరు వందలు పోసి ధారావిలో కుట్టించినది ఆయనకు పుట్టుకతోనే ఉన్నది.

ఎనిమిది ఆదివారాలు ఆయన నాకు నేర్పారు. "బలం పెట్టకు, కత్తి బరువే సాలు." "కండ్లతోని కాదు, చెవితోని ఇను. రాయి సప్పుడు మారుతది." నిజమే. వాదర కుదిరేవేళకు గరగరమనే శబ్దం సన్నగిల్లి, పట్టుగుడ్డ జారినట్లు వినిపిస్తుంది. ఈ సంగతి ఏ రాతిపెట్టె మీదా వ్రాసి ఉండదు. జీతం ఏమి ఇవ్వమంటారని అడిగితే చెయ్యి ఊపేశారు. ఒక ధోవతుల చాపు మాత్రం తీసుకొన్నారు.

ఒకనాడు నేను నా చిట్టా చదివి వినిపించి, "మీకు సానకు ఎంత వచ్చేది కాకా?" అని అడిగాను. "దినాం ముప్పై గడ్డాలు గీసిన. గడ్డానికే పైసలు. సానకెవడిస్తడు?" అన్నారు. తెల్లవారుజామున లేచి, దుకాణం తెరవకముందే గంటసేపు నూరుకొనేవారట. ఆ గంటకు ఏ గిరాకీ లెక్క కట్టలేదు. ఊళ్లలోనైతే కోతలకాలంలో ఇచ్చే మేరగింజలే ఏడాది పనికంతటికీ జీతం. అందులోనూ సానకని వేరే పాలు లేదు. నాకు ఏడాదికి పదిహేను గంటలు అయ్యే సరదా ఆయనకు రోజుకొక గంట చొప్పున ఏభై ఏళ్ల పని. నాకు ఏడు వేల రూపాయల ఖర్చుగా కనబడినది, ఆయన తన ఒంటినుంచి, తన నిద్రనుంచి పెట్టుకొంటూ వచ్చిన ఖర్చు. మన తాతముత్తాతల నున్నని గడ్డాలన్నీ ఆ వ్రాయని పద్దు మీద నడిచినవే.

నిరుడు దసరాకు ముందు కాక కబురుచేశారు. చేతులు వణుకుతున్నాయి, తన కత్తిని నేను నూరిపెట్టాలని. "పదును లేని కత్తికి పూజేంది బిడ్డా?" అన్నారు. ఆ కత్తి ఇక ఎవరి గడ్డాన్నీ తాకదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన రాతిమీదనే, ఆయన వింటూండగా, ఒక మధ్యాహ్నమంతా కూర్చొని నూరాను. ఆయన తన అరచేతిమీద దానిని నాలుగుసార్లు మెల్లగా ఆడించి, కొడుకు తలనుంచి ఒక వెంట్రుక పీకి వాదరకు తాకించారు. తెగింది. అప్పుడు మొలనుంచి పదిరూపాయల నోటు తీసి నా చేతిలో పెట్టారు. వద్దంటే ఒప్పుకోలేదు. "సాన పైసలు. నాకు ఎవడూ ఇయ్యలే. నేనన్న ఇయ్యాలె గద" అన్నారు. నా చిట్టాలో జమ వైపున ఉన్న పద్దు అదొక్కటే.

ఈ సరదా పెట్టుకొమ్మని నేను ఎవరికీ సలహా చెప్పను. డబ్బు దృష్ట్యా బ్లేడే గెలుస్తుంది, కాలం దృష్ట్యా కూడా బ్లేడే గెలుస్తుంది. అయితే బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో, మధురలోనో ఉన్న మన చదువరుల ఇళ్లలో అటకమీద తాతగారి ట్రంకుపెట్టెలో ఇటువంటి కత్తి ఒకటి ఉంటే, పాతసామానువాడికి తూకానికి వేయకండి. పొడిగుడ్డతో తుడిచి, చుక్క నూనె పూసి ఉంచండి. మంగలి పాత, చాకలి కొత్త అని పెద్దలన్నారు. మీ పేటలో ఆ పాత చెయ్యి ఇంకా ఉంటే వెళ్లి పలకరించండి. రాయి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఆ చెయ్యి మాత్రం ఎంతోకాలం ఉండదు. నేర్పమని అడిగేవారు వస్తే వారు సంతోషిస్తారు. వచ్చేటప్పుడు సాన పైసలు మాత్రం మరచిపోకుండా ఇచ్చి రండి.